ఫోన్ మోగితే గుండె దడ

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. విడవలూరు దగ్గర ఆరెకరాల్లో వనామి రొయ్యలు వేస్తున్నా. ఆర్నెల్లుగా రాత్రి రెండింటికి దానంతటదే మెలకువ వచ్చేస్తోంది, ఇక నిద్ర పట్టదు. కాపలా అబ్బాయి ఫోన్ చేస్తే చాలు, కరెంటు పోయిందేమో, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయేమో అని గుండె దడదడలాడుతుంది. మెడ, భుజాలు పట్టేసి ఉంటాయి. నెల్లూరులో ఈసీజీ తీయించా, బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకో అన్నారు. మొన్న మా పాప స్టీలు గ్లాసు కింద పడేస్తే ఆ చప్పుడుకి అరిచేశా, పిల్ల అన్నం తినకుండా పడుకుంది. ఇది టెన్షనేనా, ఏదైనా జబ్బా?

జవాబు: తమ్ముడూ, చెరువులో ఆక్సిజన్ పడిపోతోందని నువ్వు మొత్తుకుంటే పెంచుకోవయ్యా అన్నట్టుంది ఆ సలహా. ఎలాగో కూడా చెప్పాలి కదా!

ఏరేటర్ నిజంగా ఆగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకోవడం, కండరాలు బిగుసుకోవడం మంచిదే, దానివల్లే పరిగెత్తి జనరేటర్ వేస్తావు. గ్లాసు పడినా అదే జరుగుతోందంటే ఒళ్లు ఎప్పుడూ కాపలాలోనే ఉంటోందన్నమాట. పోయిన పంట పట్టుబడి అయ్యాక, చెరువు ఎండగట్టిన రోజుల్లో నిద్ర పట్టిందా? పట్టి ఉంటే ఇది చాలావరకు ఒత్తిడే. అప్పుడూ పట్టకపోతే బీపీ, షుగర్, థైరాయిడ్ కూడా చూపించుకో.

మేత, పీహెచ్ రాసే పుస్తకం ఉంటుందిగా, దాని చివరి పేజీలో పది రోజులు నీ సంగతి కూడా రాయి: ఎన్ని గంటలు పడుకున్నావు, ఎన్ని టీలు తాగావు, దవడ ఎప్పుడెప్పుడు బిగిసి ఉంది (నేను ఇది రాస్తూ నాది వదులు చేసుకున్నా).

తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఆ వేళ ఒకరు మేలుకోవాల్సిందే, కాదనను. ఆ ఒకరు రోజూ నువ్వే ఎందుకు? బావమరిదితోనో, పక్క చెరువు వాళ్లతోనో వంతులు వేసుకో. నీ వంతు లేని రాత్రి కాపలా అబ్బాయి ఫోన్ వాళ్లకే పోవాలి, నీ ఫోన్ వేరే గదిలో పెట్టేసెయ్.

సాయంత్రం నాలుగు దాటాక టీ వద్దు, కెఫీన్ సగం దిగడానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. నిద్ర కోసం క్వార్టర్ అలవాటు అసలే చేసుకోకు, మత్తుగా పడుకోబెట్టి నడిరాత్రి లేపేది అదే. దడ వస్తే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు, ఐదు నిమిషాలు.

ఛాతీ నొప్పి వచ్చి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా 108కి ఫోన్ చెయ్, పాత ఈసీజీ బాగుందని ఆగొద్దు. రెండు వారాలకీ తగ్గకపోయినా, బతుకు మీద విరక్తి అనిపించినా మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ 14416కి చెయ్, డబ్బులేం అక్కర్లేదు, అర్ధరాత్రయినా చెయ్యొచ్చు.

పాపతో మాత్రం ఈ రోజే మాట్లాడు. కోపం చెరువు మీదని, తన మీద కాదని చెప్పు, పిల్లలకి అది చెప్తేనే తెలుస్తుంది.