ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ ఏమి రాసుకున్నాడో కనుక్కోండి

మీ తమ్ముడు విద్యార్థి సంఘంలో పనిచేస్తున్నాడని, ఈ మధ్య జరిగిన ఆందోళనల తరువాత ఇద్దరు పోలీసులు మఫ్తీలో ఇంటికి వచ్చి అతని స్నేహితుల పేర్లు, ఫోను నంబర్లు అడిగారని రాశారు. తీవ్రవాద సంఘాలపై పెట్టే నిఘాను మామూలు ఉద్యమకారులపై పెట్టడం చట్టబద్ధమేనా, ఇది ఎంతకాలం సాగుతుంది అన్నవి మీ ప్రశ్నలు. చట్టం గురించి నాకు తెలిసినంత చెబుతాను. ముందు నాకు జరిగింది చెప్పాలి. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. నా విషయంలో అది 18 ఏళ్లు సాగింది.

1986లో నేను ఉత్తర తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ రోజులు ఎలాంటివో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. 1980లో నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వస్తున్న గోండు ఆదివాసులపై పోలీసులు కాల్పులు జరిపారు. కాలేజీల గోడల నిండా రాడికల్ విద్యార్థి సంఘం నినాదాలు ఉండేవి. 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథాన్ని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. అంతకు ముందే నక్సలైట్ల చేతిలో ఒక ఎస్‌ఐ చనిపోయాడు. ఆ ఎస్‌ఐ అంతిమయాత్రలో వెళుతున్న పోలీసులే ఈ పని చేశారని పౌరహక్కుల సంఘం ఆరోపించింది. రెండు వైపులా చావులే. మా ఊళ్లో డాక్టర్ గారి సంతాప సభ జరిగితే వెళ్లాను. సభ గురించిన కరపత్రాలు పోస్టులో పంపిస్తామని ఒక నోటుపుస్తకం వరుసల మధ్య తిప్పారు. అందులో పేరు, చిరునామా రాశాను. నేను చేసింది అంతే. నక్సలైట్ల సాయుధ దళాలతో నాకు ఏ సంబంధమూ లేదు. తుపాకీ అన్నది పోలీసుల భుజాన తప్ప నేను ఎన్నడూ దగ్గరగా చూడలేదు.

ఆ నోటుపుస్తకం ఎవరి చేతుల్లోకి వెళ్లిందో గానీ మూడు వారాలకు మా ఇంటికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. సైకిల్ గోడకు ఆనించి, చొక్కా జేబులోంచి అట్ట చిరిగిన చిన్న డైరీ తీశాడు. ఆ డైరీకి ఒక రబ్బరు బ్యాండు, అందులో ఇరికించిన పొట్టి పెన్సిల్. "బాబూ, ఈ వారం ఎక్కడికైనా వెళ్లావా? ఇంటికి ఎవరైనా వచ్చారా?" అని అడిగాడు. గొంతులో బెదిరింపు లేదు. నాన్న బడి పంతులు, ప్రభుత్వ ఉద్యోగి. ఆయన చేతులు వణకడం నేను మొదటిసారి చూసింది ఆ రోజే. అప్పటి నుంచి ప్రతి వారం, ఒక్కోసారి పదిహేను రోజులకు ఒకసారి, ఆ సైకిల్ మా గోడకు ఆనేది. పెన్సిల్‌ను నాలుకకు తగిలించి రాసుకునేవాడు. ఏమీ జరగలేదని చెబితే ముఖం చిన్నబోయేది. ఒకసారి నాన్నతో అన్నాడు: "ఏమీ లేదని రాస్తే, నువ్వు అసలు వెళ్లలేదు అంటాడు సార్ మా ఎస్‌ఐ."

ఈ మాటను మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నిఘా అంటే ఎక్కడో కూర్చున్న మేధావులు పన్నిన వల అని చాలామంది అనుకుంటారు. కింది స్థాయిలో అది రోజూ నింపాల్సిన ఒక కాగితం. ఖాళీ కాగితాన్ని పై అధికారి ఒప్పుకోడు. కాబట్టి అందులో ఏదో ఒకటి పడుతుంది. 1987 మే నెలలో మా అక్క పెళ్లికి అమ్మమ్మ ఊరు వెళ్లి పది రోజులు ఉన్నాం. ముందుగానే అమ్మ శుభలేఖ చూపించి మరీ ఆయనకు చెప్పింది. ఆయన చదివి, బాగుందమ్మా అని తిరిగి ఇచ్చాడు. ఆ శుభలేఖ సంగతి మళ్లీ చివరిలో వస్తుంది.

ఈ రాకపోకల ఫలితం మాకు బయటి నుంచి తగిలింది. ఇంటి యజమాని మూడు నెలలు ఓపిక పట్టి, మా మీద కోపం లేదంటూనే ఖాళీ చేయమన్నాడు. నాతో కలిసి కాలేజీకి వచ్చే ఇద్దరు మిత్రులు వేరే దారిన పోవడం మొదలుపెట్టారు. వాళ్లను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు. వాళ్ల పేర్లు ఆ డైరీలోకి ఎక్కకూడదని నేనే కోరుకున్నాను. మనుషులు దూరం కావడానికి ఎవరూ లాఠీ ఎత్తనవసరం లేదు, గోడకు ఒక సైకిల్ ఆనితే చాలు.

ఇంకొక ప్రమాదం గురించి తక్కువ మంది మాట్లాడతారు. పోలీసులు తరచూ వచ్చే ఇల్లు అవతలి వాళ్ల, అంటే నక్సలైట్ల, కంట్లో కూడా పడుతుంది. ఆ రోజుల్లో ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర వేసి పీపుల్స్‌వార్ ఎంతోమందిని చంపింది. వాళ్లలో పేద రైతులు, కూలీలు, గిరిజనులు ఉన్నారు. మా తాలూకాలో ఒక చిన్న రైతు ఇంటి ముందు పోలీసు జీపు రెండుసార్లు ఆగింది. మూడో నెలలో అతని శవం చెరువు గట్టు మీద దొరికింది. అతను నిజంగా ఏమైనా చెప్పాడా, జీపు దారి అడగడానికి ఆగిందా, ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ వార్త విన్న రోజు నుంచి కానిస్టేబుల్ వస్తే అమ్మ తలుపు బార్లా తెరిచి, వీధి వాళ్లందరికీ వినపడేంత గట్టిగా మాట్లాడేది. లోపల గుసగుసలు జరిగాయని ఎవరూ అనుకోకూడదని ఆమె భయం. ఈ హత్యలను పౌరహక్కుల ఉద్యమంలో ఉన్న బాలగోపాల్ వంటి వారు బాహాటంగా తప్పుపట్టారు. ఆ చర్చే ముదిరి ఆయన, మరికొందరు పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు.

కాబట్టి ప్రభుత్వం ఎవరిపైనా నిఘా పెట్టకూడదని నేను అనను. మందుపాతర పెట్టేవాడిని, ఊచకోతకు మనుషులను కూడగట్టేవాడిని ముందే పసిగట్టడం ప్రభుత్వం బాధ్యత. నేను అడిగేది ఒక్కటే: ఆ నిఘా పుస్తకంలోకి పేరు ఎక్కించేది ఎవరు, దేని ఆధారంగా, దాన్ని తీసేసేది ఎవరు? అడవిలో ఉన్నవాడు దొరకడు. సభకు వచ్చి చిరునామా రాసి ఇచ్చినవాడు సులువుగా దొరుకుతాడు. అందుకే నిఘా బరువు ఎప్పుడూ బహిరంగంగా పనిచేసేవాళ్ల మీదే పడుతుంది.

ఇక చట్టం. ఈ విషయంలో దేశానికి దారి చూపిన ఇద్దరు న్యాయమూర్తులు తెలుగువాళ్లు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా అతని పేరుతో హిస్టరీ షీట్, అంటే పోలీసు నిఘా ఫైలు, తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు తట్టడం, ఊరు దాటితే ఆరా తీయడం సాగించారు. 1962లో సుప్రీంకోర్టు రాత్రిపూట ఇళ్లకు వెళ్లడాన్ని మాత్రం కొట్టేసి, మిగతా నిఘాను ఉంచింది. జస్టిస్ కోకా సుబ్బారావు దానితో విభేదించారు. పోలీసు చూపు వెంటాడుతుంటే తిరగడాన్ని స్వేచ్ఛ అని ఎలా అంటాం, అలాంటి మనిషికి దేశమంతా జైలే అన్నది ఆయన వాదన. జస్టిస్ జె.సి.షా ఆయనతో ఏకీభవించారు. వారిది మైనారిటీ తీర్పుగానే మిగిలింది. 55 ఏళ్ల తరువాత, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చి, ఖరక్ సింగ్ తీర్పులో గోప్యతకు రక్షణ లేదన్న భాగాన్ని రద్దు చేశారు. ఆ వార్త పేపర్లో చదివిన ఉదయం నాకు ఆ పొట్టి పెన్సిల్ గుర్తొచ్చింది.

రెండో ఆయన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి. 1980ల ఆరంభం నాటి మలక్ సింగ్ కేసులో ఆయన రాసిన తీర్పు మీకు నేరుగా పనికివస్తుంది. నిఘా రిజిస్టరులో పేరు చేర్చే ముందు ఆ మనిషికి నోటీసు ఇవ్వాల్సిన పని లేదని అందులో ఉంది. ఇది మనకు నచ్చదు. కానీ సహేతుకమైన ఆధారం లేకుండా పేరు చేర్చకూడదని, నిఘా నేరాన్ని అడ్డుకోవడానికే తప్ప మనిషి స్వేచ్ఛను నలిపేయడానికి కాదని కూడా స్పష్టంగా ఉంది. హద్దు దాటారని ఎవరైనా కోర్టుకు వస్తే ఆ రికార్డులు తెప్పించి చూసే అధికారం కోర్టుకు ఉంది.

ఫోన్ల విషయం వేరు. 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాల ప్రకారం ట్యాపింగ్‌కు హోంశాఖ కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు కావాలి. అది రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు. సమీక్షా కమిటీ దాన్ని పరిశీలించాలి. తరువాత వచ్చిన నిబంధనల్లోనూ ఇదే చట్రం ఉంది. కానీ ఆ కమిటీలో ఉండేది ప్రభుత్వ కార్యదర్శులే, న్యాయమూర్తి ఉండడు. ఉత్తర్వు ఇచ్చేదీ దాన్ని పరీక్షించేదీ ఒకే భవనంలో కూర్చునే అధికారులు. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో పెద్ద లోపం ఇదే. 2024 మార్చిలో హైదరాబాద్‌లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు చూడండి. మావోయిస్టుల కదలికలు తెలుసుకోవడానికి ఉన్న ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగం పరికరాలతో రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారిన సమయంలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. తీవ్రవాదుల కోసం కొన్న పరికరం ఎటు తిరుగుతుందోనన్న అనుమానం మాత్రం మా తరం వాళ్లకు కొత్త కాదు.

మళ్లీ నా కథకు వస్తాను. డిగ్రీ అయింది, బి.ఇడి. చేశాను, ఇంకో జిల్లాలో ఉద్యోగం వచ్చింది. కానిస్టేబుల్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. 1992లో పీపుల్స్‌వార్‌ను, దాని అనుబంధ సంఘాలను నిషేధించినప్పుడు ఒకసారి స్టేషన్‌కు పిలిచి, ఫొటో తీసుకుని పంపించారు. అంతటితో ముగిసిందనుకున్నాను. 2004లో తమ్ముడిని చూడడానికి దుబాయ్ వెళదామని పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. విచారణ కాగితం తిరిగి రాలేదు. ఐదు నెలలు తిరిగాక, పోలీసుల నిఘా విభాగమైన స్పెషల్ బ్రాంచ్‌లో ఒక ఏఎస్‌ఐ, బహుశా జాలిపడ్డాడేమో, పాత ఫైలును నా వైపు తిప్పాడు. నా కాలేజీ ఫొటో. పడగొట్టేసిన ఇంటి చిరునామా. ఆ కింద పెన్సిల్ రాతను ఎవరో సిరాతో తిరగరాసిన వరుసలు. వాటిలో ఒకటి: "మే 1987. పది రోజులుగా ఊరిలో లేడు. వెళ్లిన చోటు తెలియరాలేదు."

నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. అప్పటికి అమ్మ పోయి మూడేళ్లయింది. శుభలేఖ చూపించిన ఆమె చేయి నా కళ్ల ముందు ఆడింది. ఒక లాయరు మిత్రుడి సాయంతో ఎస్పీకి వినతిపత్రం ఇచ్చాను. నాపై ఒక్క కేసు కూడా లేదని స్టేషన్ నుంచి రాయించి జతచేశాను. మరో రెండు నెలలకు పాస్‌పోర్టు వచ్చింది. ఫైలు మూసేశారో లేదో రాతపూర్వకంగా మాత్రం ఎవరూ చెప్పలేదు.

అందుకే మీకు చెప్పేది ఇది. మీ తమ్ముడిని సంఘం మానేయమని ఒత్తిడి చేయకండి. చట్టబద్ధమైన సంఘంలో ఉండడం అతని హక్కు. ఇంటికి వచ్చినవారి పేరు, హోదా, స్టేషన్ మర్యాదగా అడగండి, చెప్పకపోతే ఆ సంగతే రాసి పెట్టుకోండి. తేదీ, సమయం, అడిగిన ప్రశ్నలు, మీరు చెప్పిన జవాబులు అన్నీ ఒక పుస్తకంలో ఉండాలి. వాళ్ల పుస్తకంలో ఒక మాట పడితే మీ పుస్తకంలో అసలు మాట ఉండాలి. మా అమ్మ ఆ శుభలేఖను దాచి ఉంటే 2004లో నాకు ఎంత ఉపయోగపడేదో.

ఏదైనా కేసులో సాక్షిగా స్టేషన్‌కు రమ్మంటే రాతపూర్వకమైన నోటీసు అడగండి. పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లో 160వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 179వ సెక్షన్ ఇదే చెబుతున్నాయి. కేసే లేనప్పుడు స్నేహితుల ఫోను నంబర్లు ఇవ్వాలన్న నిర్బంధం లేదు. ఆ మాట గొడవ పడకుండా, స్థిరంగా చెప్పవచ్చు. ఫోను చేతికి ఇమ్మంటే లాయరుతో మాట్లాడిన తరువాతే ఇవ్వండి. బైండోవర్ (మంచి నడవడికకు పూచీ) కాగితాల మీద చదవకుండా సంతకం పెట్టనివ్వకండి, చాలామంది పిల్లలు అక్కడే చిక్కుకుంటారు. రాకపోకలు ఇలాగే సాగితే ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపి రసీదు దాచండి. రేపు హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే మొదట అడిగేది ఆ రసీదే.

వచ్చిన ఇద్దరి గురించి మీకు ఇంకా గుర్తున్నది ఈ రాత్రే రాసి పెట్టండి. వారం గడిస్తే సగం మరిచిపోతారు.