టెక్ సందేహాలు: స్పీకర్ పెట్టె వీణ కాదు

ప్రశ్న: మా ఇంట్లో పాత బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత ఉంది. వూఫర్ ఆరున్నర అంగుళాలు. పెట్టె 12 మి.మీ. పార్టికిల్ బోర్డు, ఎత్తు 35 సెం.మీ., వెడల్పు, లోతు 25 చొప్పున. వాల్యూమ్ పెంచితే వార్తలు చదివే ఆయన పీపాలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటోంది. మా కార్పెంటర్ ఇదే సైజులో 25 మి.మీ. టేకుతో కొత్త పెట్టెలు చేస్తానంటున్నాడు. మంచి చెక్కయితే వీణలా నాదం పలుకుతుందట. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, విజయనగరం

టేకు డబ్బులు దాచుకోండి. బొబ్బిలి దగ్గర్లోనే ఉంది కాబట్టి మీ కార్పెంటర్‌కి ఆ పోలిక తోచి ఉంటుంది. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగతో పాటు కుండ కూడా మోగాలనే అంత శ్రమ. స్పీకర్‌కి కావాల్సింది సరిగ్గా దీనికి రివర్సు. పాటలో వీణ ఎప్పుడో మోగి, రికార్డయి వచ్చేసింది. ఇప్పుడు పెట్టె తన గొంతు కలిపితే అది నాదం కాదు, రొద.

వూఫర్ కోన్, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్‌లో కదిలే గరాటు, ముందుకు ఎంత గాలి నెడుతుందో వెనక్కీ అంతే నెడుతుంది. ఆ ఒత్తిడికి పెట్టె గోడలు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. మీ కోన్ వైశాల్యం సుమారు 135 చదరపు సెం.మీ. ఒక్క పక్క పలకే 875. ఆరు రెట్లకు పైమాటే! అంత పలక వెంట్రుకవాసి కదిలినా చెవిన పడుతుంది. పైగా కోన్ ఆగాక కూడా అది కాసేపు మోగుతూనే ఉంటుంది. నా లెక్కలో మీ పలక మోగేది 300 హెర్ట్జ్ చుట్టుపక్కల. మగ గొంతులో నిండుదనం ఉండే చోటు అది. మీ పీపా అక్కడే ఉంది.

మందం 12 నుంచి 25 మి.మీ.కి పెంచితే గోడ బిగువు తొమ్మిది రెట్లవుతుంది, నిజమే. కానీ బయటి సైజు అదే ఉంచితే లోపలి చోటు పదహారున్నర లీటర్ల నుంచి 12కి పడిపోతుంది. గొంతు బాగుపడి బేస్ సన్నబడుతుంది. ఇక టేకు పలక వానాకాలం ఉబ్బి, ఎండాకాలం ముడుచుకుంటుంది. అతుకులు కాస్త విడిపోయినా గాలి బుస్సుమంటుంది.

పాత పెట్టెకే లోపల బద్దలు వేయించండి. వూఫర్ విప్పితే చెయ్యి దూరేంత కన్నం ఉంటుంది, బద్దను ఏటవాలుగా లోపలికి పంపొచ్చు. ఇక్కడే చాలామంది కార్పెంటర్లు పొరబడతారు. అలమరాకి అర కొట్టినట్టు బద్దను అడ్డంగా వేస్తారు. మీ పలక కొలతలకు అడ్డ బద్ద వేస్తే అది మోగే ఫ్రీక్వెన్సీ రెండింతలవుతుంది. అదే బద్దను నిలువునా, పలక పొడుగు వెంబడి వేస్తే మూడింతలు. అంటే 300లో మోగేది 900కి పోతుంది. సరిగ్గా నడిమికి వద్దు, ఓ సెంటీమీటరు పక్కకు జరపండి. రెండు సగాలూ ఒకే స్వరంలో మోగకుండా ఉంటాయి.

40×20 మి.మీ. రీపర్ చాలు. దాన్ని అంచు మీద నిలబెట్టి అతికించాలి. పడుకోబెడితే బిగువు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంటి దూలాన్ని ఎవరైనా పడుకోబెట్టి వేస్తారా? ఆ తర్వాత ఎదురెదురు బద్దల మధ్య ఒక అడ్డకర్ర టైట్‌గా ఇరికించండి. రెండు పక్కలూ ఒకేసారి బయటికి ఉబ్బుతాయి కాబట్టి ఈ కర్ర ఒకదాంతో ఒకదాన్ని కట్టేస్తుంది. జిగురు ఆరేదాకా క్లాంప్ పని కూడా అదే చేస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ కర్రను రెండు మిల్లీమీటర్లు పొట్టిగా కోసి, జిగురే నింపుతుందిలే అనుకున్నాను. నెల తిరక్కుండా పెట్టెలో తుమ్మెద దూరింది. బిగువు లేని బద్ద కన్నా బద్ద లేకపోవడమే నయం.

అయితే బద్ద మోతను చంపదు, పైకి తరుముతుంది అంతే. బీబీసీ ఇంజినీర్లు 1970లలో దీనికి ఇంకో దారి పట్టారు. వాళ్ల ఎల్ఎస్3/5ఏ స్పీకర్‌కి గోడలు పల్చటి బర్చ్ ప్లైవుడ్‌వి. లోపల తారు షీట్లు అంటించి మోతను అక్కడికక్కడే మింగించారు. అదే బీబీసీ ఇంజినీర్లు హార్వుడ్, మాథ్యూస్‌ల 1977 నివేదిక కూడా మందపు గోడల కన్నా ఇదే మేలంది. తర్వాతి దశాబ్దంలో బీ అండ్ డబ్ల్యూ అనే బ్రిటిష్ స్పీకర్ల కంపెనీ పూర్తిగా ఎదురు దారిలో వెళ్లి, లోపలంతా గళ్లుగళ్లుగా పలకలు అల్లి దానికి మ్యాట్రిక్స్ అని పేరు పెట్టింది. రెండూ గొప్ప స్పీకర్లే. నేనైతే ఇద్దరి దగ్గరా తలా కాస్త తీసుకుంటాను: పక్కకో బద్ద, మిగిలిన చోట కారు యాక్సెసరీస్ షాపులో దొరికే డ్యాంపింగ్ షీటు.

ఇంకొకటి. లోపలి గాలి కూడా ఎదురు గోడల మధ్య కొట్టుకుంటుంది. మీ పెట్టె ఎత్తుకి అది 525 హెర్ట్జ్ దగ్గర. దానికి బద్ద పనికిరాదు, దిండ్లలో కూరే పాలిస్టర్ దూది కావాలి. వెనక గొట్టం ఉంటే దాని నోరు మాత్రం మూయొద్దు.

పని కాకముందు, అయ్యాక ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 100 నుంచి 1000 హెర్ట్జ్ దాకా మెల్లగా జరుపుతూ పలక మీద వేలు పెట్టి చూడండి. ఎక్కడ జివ్వుమంటే దొంగ అక్కడే.

ప్రశ్న: సబ్‌వూఫర్ మీద గ్రానైట్ రాయి పెడితే బేస్ బిగుస్తుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

పెద్దగా ఏమీ కాదు. సబ్‌వూఫర్‌కి మామూలుగా 80–100 హెర్ట్జ్ కింది శబ్దాలే వెళ్తాయి. గట్టిగా కట్టిన పెట్టె గోడలు మోగేది దానికి చాలా పైన. రాయి వల్ల పెట్టె గచ్చు మీద జరగకుండా ఉంటుంది, అంతే. ముందు బీరువా తలుపు, షోకేసు అద్దాలు చేత్తో నొక్కి చూడండి. గలగల తరచుగా అక్కడిదే.

ప్రశ్న: కొత్త పెట్టెకి ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసే పలక) మంచిదా, ప్లైవుడ్డా?
– ఒక పాఠకుడు, కాకినాడ

మీది సముద్రం గాలి తగిలే ఊరు, ఎండీఎఫ్ తేమకు ఉబ్బుతుంది కాబట్టి 18 మి.మీ. ప్లైవుడ్. పొరల మధ్య ఖాళీలు లేనిది చూసి తీసుకోండి. కోసిన అంచు చూస్తే తెలిసిపోతుంది. ఎండీఎఫే కావాలంటే కోసిన ప్రతి అంచుకీ, వూఫర్ కన్నం లోపలి అంచుతో సహా, సీలర్ కొట్టించండి.