బుజ్జీ, ఆపరేషన్ ముందు మీ నాన్న తిండి గురించి

బుజ్జీ, నిన్న ఫోన్లో ఏడ్చావు కదా, ఆపరేషన్ రెండు వారాలు వెనక్కి జరిపారు, ఈలోపు నాన్న అన్నవాహికలో, అదే తిండి గొంతు నుంచి పొట్టలోకి దిగే గొట్టంలో, గడ్డ పెరిగిపోతుందేమో అని. భయపడకు తల్లీ. బాగా చిక్కిపోయిన మనిషికి ఆపరేషన్ ముందు 7 నుంచి 14 రోజులు తిండి పెట్టి బలం పట్టించడం కూడా వైద్యమే. మరిదిగారు ఆర్నెల్లలో 60 కిలోల నుంచి 52కి వచ్చారన్నావు, అలాంటి ఒంటికి కుట్లు తొందరగా మానవు, ఇన్ఫెక్షన్లు పట్టుకుంటాయి.

మీ పెదనాన్నకి పొట్ట క్యాన్సర్ వచ్చినప్పుడు నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. పథ్యం అని గంజి, చారన్నం, కొబ్బరినీళ్ళు, ఇవే పెట్టా. తింటే గడ్డకే బలం అని ఎవరో అంటే నమ్మేశా. మనం కడుపు మాడిస్తే గడ్డ ఆగదమ్మా, కరిగేది మనిషి కండే. ఆయన లేచి బాత్రూంకి వెళ్ళలేని స్థితికి వచ్చాక డైటీషియన్ అమ్మాయి చెప్తే గానీ నాకు తెలియలేదు, ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఆ అమ్మాయి చెప్పిన లెక్క ఇది, కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్, 25 నుంచి 30 కేలరీలు. అంటే మీ నాన్నకి 62 నుంచి 78 గ్రాముల ప్రొటీన్. ఒక గుడ్డుకి 6, అర లీటరు పాలకి 16 వస్తాయి, మిగతాది పప్పు, పెరుగు, చేప, ఇంకా చాలకపోతే డాక్టర్ రాసిచ్చిన పౌడర్. అన్నవాహికలో అడ్డు కాబట్టి అన్నీ మెత్తగా మిక్సీ పట్టి, కాస్త నెయ్యి వేసి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. చికెన్ సూప్ నీళ్ళు తాగిస్తే సరిపోదు, ముక్క కూడా మిక్సీలో వెయ్యాలి. కిడ్నీ ప్రాబ్లం, షుగర్ ఉంటే మాత్రం ముందే అడగండి.

నోటితో సరిపోక ముక్కులోంచి గొట్టం వేస్తామంటే మీ అమ్మని వద్దనొద్దని చెప్పు. చాలా రోజులుగా సరిగ్గా తినలేదు కాబట్టి ఒక్కసారిగా ఎక్కువ పెట్టెయ్యకండి, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ప్రమాదం, టెస్టులు చూసుకుంటూ పెంచుతారు.

ఆపరేషన్ రోజు ఎన్ని గంటల ముందు తినడం ఆపాలో మత్తు డాక్టర్నే అడుగు, పక్క బెడ్ వాళ్ళ మాట వినకు.

రోజూ పొద్దున్నే బరువు చూసి రాయి, నాకు పంపు. రాగులు, పెసలు వేయించి పొడి కొట్టిస్తున్నా, ఆదివారం తెస్తా, పాలల్లో జావ కాద్దాం.