పైవాళ్లు చెబితే సరిపోదా? చేంజ్ మేనేజ్‌మెంట్ చదువుతానంటున్న అమ్మాయి తండ్రికి జవాబు

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఎంబీఏ మొదటి ఏడాది పూర్తిచేసింది. రెండో ఏడాదిలో ఫైనాన్స్ తీసుకోమని నేనంటున్నాను. తనేమో సంస్థల్లో మార్పును ఎలా నడిపించాలో నేర్పే చేంజ్ మేనేజ్‌మెంట్ తీసుకుంటానంటోంది. నేను 24 ఏళ్లుగా ఒకే ఆఫీసులో ఉన్నాను, ఎన్నో మార్పులు చూశాను. పైవాళ్లు సర్క్యులర్ పంపిస్తారు, కిందివాళ్లు చేస్తారు. మేమంతా సర్దుకోలేదా? ఇందులో చదవడానికి ఏముంది? ఈ పేరుతో ఉద్యోగాలుంటాయా? ఇంట్లో రోజూ ఇదే వాదన.

జవాబు: మీరు అడిగినవి రెండు సంగతులు. ఈ పనికి ఉద్యోగాలున్నాయా అన్నది ఒకటి, అసలు ఇది ఒక పనేనా అన్నది రెండోది. మీ ఇంట్లో వాదన రెండోదాని మీదే నడుస్తోందని నాకనిపిస్తోంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

1940ల్లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో హార్వుడ్ అనే సంస్థకు పైజమాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పని పద్ధతి మార్చినప్పుడల్లా ఉత్పత్తి పడిపోయేది, కొందరు మానేసేవాళ్లు. పాత పనిలో చేయి తిరిగినవాళ్లు కూడా కొత్త పనిలో ఆ వేగం అందుకోలేకపోయేవాళ్లు. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగం చేసి చూసి 1948లో ఫలితాలు ప్రచురించారు. ఒక గుంపుకు మీ సర్క్యులర్ పద్ధతిలోనే చెప్పారు: ఇకనుంచి పని ఇలా చెయ్యాలి, రేటు ఇది, ప్రశ్నలుంటే అడగండి అని. మార్పు చూస్తే చాలా చిన్నది. ఇస్త్రీ అయిన బట్టలను అట్ట మీద పేర్చే బదులు పెట్టెలో పేర్చాలి, అంతే. ఆ గుంపు 40 రోజులు గడిచినా కోలుకోలేదు. నూటికి 17 మంది పని మానేశారు. ఇంకో రెండు గుంపుల్లో మాత్రం అందరినీ కూర్చోబెట్టి, మార్పు ఎందుకు అవసరమైందో చెప్పి, కొత్త పద్ధతిని వాళ్లతో కలిసే తేల్చారు. వాళ్లు త్వరగా పుంజుకుని పాత వేగాన్ని కూడా దాటేశారు. ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు.

ఆ తర్వాత జరిగింది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. మొదటి గుంపులో మిగిలినవాళ్లను కొంతకాలానికి మళ్లీ ఒకచోట చేర్చి మరో కొత్త పనికి మార్చారు. ఈసారి వాళ్లను కలుపుకొని మార్చారు. వాళ్లూ పుంజుకున్నారు. అంటే మొదటిసారి వెనకబడింది వాళ్లు మొండివాళ్లయినందుకు కాదు. మనుషులు అప్పుడూ ఇప్పుడూ వాళ్లే.

అయితే అందరినీ మీటింగ్‌కు పిలిచి టీ ఇస్తే పనైపోతుందని మీ అమ్మాయి అనుకోకూడదు. ఇలాంటి ప్రయోగమే నార్వేలోని ఒక చెప్పుల ఫ్యాక్టరీలో చేసి 1960లో ప్రచురించారు. అక్కడ ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏ విషయం మీద అడుగుతున్నాం, అలా అడగడం అక్కడివాళ్లకు సబబుగా తోస్తుందా అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. నిర్ణయమంతా ముందే చేసేసి, రంగు ఏది వేద్దాం అని అడిగితే ఉద్యోగులకు అర్థం కాకుండా ఉండదు. ఎక్కడ నిజంగా అడగొచ్చు, ఎక్కడ అడగకుండా సూటిగా చెప్పేయడమే మర్యాద అన్నది తెలుసుకోవడం ఈ చదువులో పెద్ద భాగం.

హార్వుడ్‌తో కలిసి పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ ఒక మాట చెప్పాడు. ఏ పరిస్థితైనా రెండు వైపుల నుంచి పనిచేసే శక్తుల మధ్య నిలబడి ఉంటుంది: ముందుకు నెట్టేవి కొన్ని, వెనక్కి పట్టుకునేవి కొన్ని. మార్పు కావాలంటే మనం మామూలుగా నెట్టడం పెంచుతాం. గడువులు పెడతాం, హెచ్చరికలు పంపుతాం. దానివల్ల కదలిక వచ్చినా టెన్షన్ కూడా పెరుగుతుంది. వెనక్కి పట్టుకుంటున్నది ఏమిటో కనిపెట్టి దాన్ని తగ్గిస్తే, అంత ఒత్తిడి లేకుండానే అదే కదలిక వస్తుంది. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ పట్టుకుంటున్నది ఏమిటో బయటినుంచి కనిపించదు.

ఈ సంగతి నాకు కష్టంగానే తెలిసింది. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేనొక పెద్ద సంస్థలో ట్రైనింగ్ విభాగంలో పనిచేశాను. స్టోర్స్‌లో రిజిస్టర్లు తీసేసి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. అందరికీ ట్రైనింగ్ ఇచ్చాం, సంతకాలు తీసుకున్నాం. ఒక సీనియర్ స్టోర్‌కీపర్ మాత్రం పాత రిజిస్టర్ వదల్లేదు. మా రిపోర్టుల్లో ఆయన్ని ‘సహకరించడం లేదు’ అని రాశాం. రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. చాలా రోజుల తర్వాత ఆయన పక్కన కూర్చుని రిజిస్టర్ తిరగేస్తే మార్జిన్ల నిండా చిన్న అక్షరాలు. ఏ సప్లయర్ పంపిన ఏ లాట్ పాడైంది, ఏ మెషీన్‌కు ఏ పార్టు బదులు ఏది సరిపోతుంది అని. కొత్త సాఫ్ట్‌వేర్‌లో అవి రాసుకునే చోటే లేదు. ఆ కాలమ్ పెట్టించడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. అప్పటికి ఆయన బదిలీ అడిగి వెళ్లిపోయారు. ఆ మార్జిన్లలో ఉన్నది చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు ఆ విభాగంలో ఇంకెవరూ లేరు. ఆయన మమ్మల్ని అడ్డుకోలేదు, ఏదో చెబుతున్నారు. మేం వినలేదు.

మీ ఆఫీసులోనూ సర్దుకున్నారని రాశారు. తప్పకుండా సర్దుకునే ఉంటారు. కానీ సర్దుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది, ఎవరు మధ్యలో మానేశారు, పాత పద్ధతిలో ఉన్న ఏ మంచి విషయం ఎవరూ గమనించకుండానే పోయింది అన్నవి సర్క్యులర్‌లో ఉండవు. వాటిని చూసేందుకు ఒక మనిషి ఉండాలి. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఆ పని.

ఇక ఉద్యోగాల సంగతి. ఉన్నాయి, కానీ ప్రకటనలు జాగ్రత్తగా చదవాలి. ఐటీ రంగంలో ‘చేంజ్ మేనేజర్’ అంటే చాలాసార్లు అర్థం వేరు. సర్వర్లలో, సాఫ్ట్‌వేర్‌లో చేసే మార్పులకు ముందుగా అనుమతులు చూసి, ఏ రాత్రి ఏది పెట్టాలో, పాడైతే వెనక్కి ఎలా తీసుకోవాలో ఖాయం చేసే పని అది. మంచి ఉద్యోగమే, మీ అమ్మాయి కోరుకుంటున్నది మాత్రం అది కాదు. పేరు ఒకటే కావడంతో అప్లై చేసి, ఇంటర్వ్యూలో తెల్లముఖం వేసిన పిల్లల్ని చూశాను. తనకు కావాల్సినవి ‘చేంజ్ అనలిస్ట్’, ‘ఆర్గనైజేషన్ డెవలప్‌మెంట్’, ‘ట్రాన్స్‌ఫర్మేషన్’ లాంటి పేర్లతో ఉంటాయి. కన్సల్టింగ్ సంస్థల్లోనూ, కొత్త ఈఆర్‌పీ (లెక్కలు, కొనుగోళ్లు, స్టోర్స్ లాంటివన్నీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటున్న లేదా వేరే సంస్థతో కలుస్తున్న పెద్ద కంపెనీల్లోనూ దొరుకుతాయి. ప్రకటనలో పేరు వదిలేసి, చేయాల్సిన పనుల జాబితా చదవమనండి. ఉద్యోగులతో మాట్లాడటం, ఎవరి పని ఎలా మారుతుందో రాయడం, ట్రైనింగ్, సమాచారం చేరవేయడం కనిపిస్తే అది తన దారి.

ఇంకో మాట కూడా తెలిసుండాలి. ఈ ఉద్యోగాల్లో చాలా భాగం ప్రాజెక్టుతో పుట్టి ప్రాజెక్టుతో ముగుస్తాయి. కాంట్రాక్టులు ఎక్కువ. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు కోత పడేది కూడా చాలాచోట్ల దీనికే. అందుకే మీ ఇద్దరికీ నేను చెప్పేది ఇది: ఫైనాన్స్ గానీ, ఆపరేషన్స్ గానీ, హెచ్ఆర్ గానీ ఒకటి ప్రధాన సబ్జెక్టుగా తీసుకుని, చేంజ్ మేనేజ్‌మెంట్‌ను దాని పక్కన పెట్టుకోవాలి. మిమ్మల్ని సంతోషపెట్టడానికి చెబుతున్న మాట కాదు ఇది. పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్లు దాన్ని మార్చబోతే, మా స్టోర్స్‌లో జరిగిందే జరుగుతుంది. బిల్లు ఎన్ని చేతులు మారుతుందో, నెలాఖరున లెక్కలు మూసే రోజు ఎంత హడావిడి ఉంటుందో అనుభవించిన అమ్మాయి, అదే వారంలో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెడదామని ఎవరైనా అంటే వెంటనే వద్దంటుంది.

బొగ్గు గనుల కథ దీనికి మంచి ఉదాహరణ. బ్రిటన్‌లో గనుల్లోకి యంత్రాలతో కొత్త పద్ధతి వచ్చాక, అంతకుముందు చిన్న జట్లుగా ఉండి మొత్తం పని తామే చూసుకున్న కార్మికులు షిఫ్టుల వారీగా ఒక్కో ముక్క పని చేసేవాళ్లయ్యారు. ఒక షిఫ్టు తప్పు ఇంకో షిఫ్టు నెత్తిన పడేది. యంత్రాలు మంచివే, పని మాత్రం అనుకున్నట్టు సాగలేదు. జట్లు విడిపోవడమే దీనికి మూలమని ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ 1951లో రాశారు. వారిలో బామ్‌ఫోర్త్ ఒకప్పుడు స్వయంగా గని కార్మికుడు. లోపల పనిచేసినవాడి కళ్లతో చూశాడు కాబట్టే అంత వివరంగా పట్టుకోగలిగాడని నా నమ్మకం.

సర్టిఫికెట్ల గురించి పెద్దగా హైరానా పడొద్దు. ప్రోసై, ఏపీఎంజీ లాంటి సంస్థల సర్టిఫికెట్లు ఉన్నాయి, వాటికి గుర్తింపు ఉంది. కానీ అనుభవం లేని వయసులో వాటి మీద డబ్బు పెట్టడం తొందరపాటు. రెండు మూడేళ్లు పనిచేశాక, వీలైతే కంపెనీ ఖర్చుతో చేయడం మేలు. అలాగే ‘70 శాతం మార్పు ప్రయత్నాలు విఫలమవుతాయి’ అనే అంకె తనకు క్లాసులో తప్పకుండా వినిపిస్తుంది. మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు 2011లో దాని మూలాలు వెతికితే, నమ్మదగిన ఆధారం కనిపించలేదు. ఇంటర్వ్యూలో ఆ అంకె వల్లించకపోవడమే మంచిది.

ఒక కష్టమైన విషయం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు గానీ చెప్పాలి. కొన్ని మార్పుల్లో మనుషుల ఉద్యోగాలు పోతాయి. ఆ వార్తను చక్కని మాటల్లో చుట్టి పెట్టమని మీ అమ్మాయిని అడిగే రోజు రావచ్చు. ‘ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు’ అని రాయమంటే, అది నిజమో కాదో తనకే తెలియకపోవచ్చు. నిజం కాదని తెలిసిన మాట రాయకూడదు. ‘ఫలానా తేదీలోగా చెబుతాం’ అని రాసి, ఆ తేదీన చెప్పాలి. ఒకసారి అబద్ధం బయటపడితే ఆ తర్వాత మంచి మార్పు తెచ్చినా ఎవరూ నమ్మరు. ఈ పనిలో నిలబడాలంటే పైవాళ్లకు ‘ఇది ఇలా చెప్పకూడదు సార్’ అని నెమ్మదిగా చెప్పగలిగే ధైర్యం కావాలి. మీతో ఇన్నాళ్లుగా వాదిస్తూ కూడా మాట తూలకుండా ఉందంటే, ఆ లక్షణం తనలో కొంత ఉన్నట్టే.

వచ్చే ఇంటర్న్‌షిప్‌కు పెద్ద పేరున్న చోటు కోసం కాకుండా, ఏదైనా మారుతున్న చోటు కోసం వెతకమనండి. కొత్త సాఫ్ట్‌వేర్ రావడమో, రెండు విభాగాలు కలవడమో, ఆఫీసు వేరేచోటికి వెళ్లడమో ఏదైనా పరవాలేదు. కొత్త పద్ధతి అమల్లోకి వచ్చే ‘గో-లైవ్’ రోజున అందరూ ఉంటారు. మూడు నెలల తర్వాత వెళ్లి, ఎవరు ఇంకా పక్కన సొంత ఎక్సెల్ షీట్ పెట్టుకున్నారో చూసేవాళ్లు తక్కువ. తను అది చూడాలి, ఎందుకు పెట్టుకున్నారో అడగాలి.

ఇంటర్న్‌షిప్ దొరికేలోపు మీతోనే మొదలుపెట్టమనండి. 24 ఏళ్లలో మీ ఆఫీసులో వచ్చిన ఒక పెద్ద మార్పును మీరు ఎంచుకోండి, ఒక గంట తనకివ్వండి. ఆ వార్త మొదట ఎవరి నోట విన్నారు, అప్పుడు మీకేమనిపించింది, మీకు చేతనైన ఏ పని ఆ రోజుతో అక్కర్లేకుండా పోయింది, మీరు ఎవరికీ చెప్పకుండా పాత పద్ధతిలోనే కొనసాగించింది ఏమిటి అని తను అడుగుతుంది. మీరు జవాబులు చెప్పండి, తను రాసుకుంటుంది. ఫైనాన్సా, చేంజ్ మేనేజ్‌మెంటా అన్న వాదన ఆ గంట తర్వాత పెట్టుకోండి.