హైదరాబాద్ నుంచి రాజమండ్రికి మారితే బోరు కొడుతుందా?

మీ ప్రశ్న చదివాను. మీకు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికింది, పాప నాలుగో తరగతి, హైదరాబాద్ అద్దెలూ ట్రాఫిక్కూ భరించలేకపోతున్నారు, రాజమండ్రి అయితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నారు. బోరు కొట్టదా, మనుషులు కలుస్తారా, సౌకర్యాలు ఉంటాయా అని మూడు అడిగారు. మనుషులు కలుస్తారా అన్నదానికే ముందు చెప్తాను. కూకట్‌పల్లి నుంచి వచ్చాక ఏడాది పాటు నన్ను తొలిచేసిన ప్రశ్న అదే.

2021 జూన్‌లో మావారికి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ అయింది. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని, మానేసి వచ్చాను. మాది నల్గొండ వైపు. గోదావరి జిల్లాల్లో మాకు ఒక్క చుట్టం కూడా లేడు. ఇల్లు వెతకడం మొదలుపెట్టగానే మొదటి దెబ్బ తగిలింది. ఎంతమంది ఉంటారు, ఏం చేస్తారు అని అడగడం న్యాయమే. కానీ నాలుగిళ్లలో మూడిళ్లవాళ్లు "మీరేవిట్లండీ?" అని అడిగారు. అడగడంలో ఎంత మర్యాద ఉన్నా అడిగింది కులమే. హైదరాబాద్‌లో అడగరని కాదు, అక్కడ మధ్యలో ఏజెంట్ ఉంటాడు కాబట్టి మన చెవిన పడదు. ఇక్కడ ఓనర్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి మరీ అడుగుతారు. ఈ విషయంలో ఈ ఊరిమీద నాకు ఇప్పటికీ కోపమే. మీకూ ఎదురవుతుంది, సిద్ధపడి రండి.

నాలుగో ఇల్లు ఇన్నీసుపేటలో దొరికింది. గోదావరి గట్టుకు పది నిమిషాల నడక. ఓనర్ గారు ధవళేశ్వరంలో ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన మమ్మల్ని అడిగింది ఒక్కటే, "మోటారు వేసి మర్చిపోరు కదమ్మా?" అని. ఆయన్ని బాబాయిగారనీ, ఆవిణ్ణి పిన్నిగారనీ పిలుస్తాం.

మొదటి ఏడాది కష్టంగానే గడిచింది, మీకు అబద్ధం చెప్పను. కూకట్‌పల్లిలో మావారు ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది అయ్యేది. ఇక్కడ ఆరూ పదికల్లా గుమ్మంలో చెప్పులు విప్పేవారు. రోజుకి రెండు మూడు గంటలు కొత్తగా చేతిలో పడ్డాయి. ఇంత టైమ్ మిగిలితే ఎంత బాగుంటుందో అని అక్కడ ఉండగా అనుకునేదాన్ని. తీరా మిగిలాక దాన్ని ఎవరితో గడపాలో తెలియలేదు. అక్కడ అలసటలో ఒంటరితనం తెలియలేదు, ఇక్కడ తీరికలో బాగా తెలిసొచ్చింది. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఊరు మారిన ఆర్నెల్లకే "సెట్ కాలేదు" అని వెనక్కి వెళ్లిపోయేవాళ్లలో చాలామంది ఈ దశలోనే వెళ్లిపోతారని నా గట్టి నమ్మకం.

దానికి తోడు వీధిలో ప్రశ్నలు. సంచి పట్టుకుని బయటికి వస్తే "ఎక్కడికండీ?", తిరిగి వస్తే "దొరికాయాండీ?". అవి పలకరింపులని, జవాబు చెప్పకపోయినా ఎవరూ ఏమీ అనుకోరని అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. అప్పట్లో నాకు నిఘాలా అనిపించేది. బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి కూడా టెన్షన్ పడేదాన్ని.

2022 జూలైలో వరద వచ్చింది.

గోదావరికి వరద అంటే నాకు టీవీలో చూడటమే తెలుసు. ఈ ఊళ్లో దాన్ని అడుగుల్లో మాట్లాడుకుంటారు. ఊరికి దగ్గర్లోని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. వీధిలో పదేళ్ల పిల్లాడికి కూడా ఈ లెక్క నోటికి వచ్చు. ఆ జూలైలో కొద్ది రోజుల తేడాతోనే మూడు హెచ్చరికలూ దాటేసింది. 16వ తేదీన భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందని వార్త వచ్చింది. అక్కడ 53 అడుగులకే మూడో హెచ్చరిక. నాకు కాళ్లు వణికాయి. మావారు ఆఫీసులో ఉన్నారు. బాబు అప్పటికి రెండో తరగతి. బ్యాగులు సర్దడం మొదలుపెట్టాను.

బాబాయిగారు పైకి వచ్చి సర్దిన బ్యాగులు చూశారు. కూర్చుని నిదానంగా చెప్పారు. "అమ్మాయ్, భద్రాచలంలో నీళ్లు ఇక్కడికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పాపికొండల మధ్య ఇరుగ్గా వచ్చిన గోదారి పోలవరం దాటాక పరుచుకుంటుంది. మన దగ్గర బ్యారేజీకి నాలుగు చేతులు, అంటే నాలుగు భాగాలు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, అన్నీ కలిపి 175 గేట్లు. అన్నీ ఎత్తేశారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్లు, వెళ్లింది, అప్పుడు నేను గట్టు మీదే ఉన్నాను. కంగారు నది మధ్య లంకల్లో ఉండేవాళ్లు పడాలి, మనం కాదు." ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది.

ఆ సాయంత్రం ఆయన ఒక సుద్దముక్క తీసుకుని గేటు పక్కన గోడమీద టైమూ, నీటిమట్టమూ రాశారు. పాత డిపార్ట్‌మెంట్ స్నేహితులకి ఫోన్ చేసి కనుక్కుని, గంటగంటకీ కిందే మరో వరస. ఎందుకంటే వాట్సాప్‌లో అప్పటికే గట్టు తెగిందని ఒకటి, వంతెన ఊగుతోందని ఒకటి తిరుగుతున్నాయి. పాత వీడియోలకి కొత్త తేదీలు పెట్టి పంపించేవాళ్లు ఏం సాధిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక ఊరు మొత్తం నిద్రలేకుండా ఉన్న రాత్రి అలాంటి పని చేయడం పాపం.

రాత్రి తొమ్మిదయ్యేసరికి మా గేటు దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు. స్కూటర్ మీద వెళ్లేవాళ్లు ఆగి, సెల్‌ఫోన్ లైటు వేసి గోడ చదువుకుని వెళ్తున్నారు. బాబాయిగారికి మోకాళ్ల నొప్పులు, మాటిమాటికీ వంగలేకపోతున్నారు. "అమ్మా, నువ్వు రాయి" అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. ఆయన లోపల్నుంచి అంకె చెప్తే నేను రాసేదాన్ని. తెల్లవారుజామున పాలబ్బాయి సైకిల్ ఆపి "తగ్గిందాండీ?" అని అడిగాడు. "లేదు, 21 దాటింది, కానీ పెరగడం నెమ్మదించింది" అన్నాను. అతను తల ఊపి వెళ్లి పక్కవీధిలో అదే మాట చెప్తుంటే నాకు వినిపించింది. ఏడాదిగా ఈ ఊళ్లో ఉన్నాను, నేను చెప్పిన మాట ఒకటి ఎవరికైనా పనికి రావడం అదే మొదటిసారి.

పొద్దున్నే పిన్నిగారు తలుపు కొట్టారు. లంకల నుంచి పడవల్లో తీసుకొచ్చినవాళ్లని దగ్గర్లో ఒక స్కూల్లో ఉంచారు, వీధంతా కలిసి పులిహోర చేస్తున్నాం, నువ్వు నిమ్మకాయలు పిండు అన్నారు. నువ్వు వస్తావా అని అడగలేదు. ఆ మూడు రోజుల్లో వీధిలో ప్రతి ఆడమనిషి పేరూ నాకు తెలిసింది. బళ్లో ఒక పెద్దావిడ మేకపిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిగిలిన రెండిటినీ పడవ ఎక్కించనివ్వలేదట. పులిహోర పొట్లం ఇస్తే ముందు ఆకులేమైనా దొరుకుతాయా అని అడిగింది, మేకపిల్లకి. మా బాబు పరిగెత్తుకెళ్లి ఎవరింటి పెరట్లోంచో అవిసె కొమ్మ విరుచుకొచ్చాడు. వాడు ఇప్పటికీ ఆ మేక సంగతి అడుగుతుంటాడు. ఆవిడ ఏ లంకకి వెళ్లిపోయిందో మేం అడిగి పెట్టుకోలేదు.

బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వెళ్లింది ఆ వరదలో. మా వీధికి ఏమీ కాలేదు. నీళ్లు తీశాక పుష్కరాల రేవు మెట్లమీద మిగిలిన ఎర్రటి ఒండ్రుని చాలా రోజులు కడిగారు. తర్వాతి సంక్రాంతికి గోడకి రంగు వేయించినప్పుడు బాబాయిగారు గేటు పక్కన మూరెడు మేర నల్లరంగు వేయించారు, రాయడానికి వీలుగా ఉంటుందని. సుద్దముక్కల డబ్బా మా వంటింటి అలమరలో ఉంటుంది.

ఇదంతా మీకు ఎందుకు చెప్తున్నానంటే, ఊరి సైజు గురించి నాకో అభిప్రాయం ఉంది. 2011 జనాభా లెక్కల్లో రాజమండ్రి మూడున్నర లక్షలకు అటూఇటూ. ఇప్పుడు ఎంతున్నా, ఊరంతా ఒకే సంగతి గురించి ఒకేసారి మాట్లాడుకోగలిగిన సైజు ఇది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో వానలకి కాలనీలు మునిగినప్పుడు మేం కూకట్‌పల్లిలో టీవీలో చూశాం. అదే ఊళ్లో ఉండి టీవీలో చూశాం. మా అపార్ట్‌మెంట్‌లో దాని గురించి మాట్లాడిందే తక్కువ. పల్లెటూళ్లో అయితే అందరూ అందరికీ ముందే తెలుసు, కొత్తవాళ్లకి చోటు దొరకదు. పది లక్షలు దాటితే ఊరు ఊరుగా ఉండదు. ఈ మధ్య సైజు ఊళ్లలోనే కొత్తవాళ్లకి చోటూ ఉంటుంది, పనీ ఉంటుంది. కాకినాడైనా, వరంగలైనా, ఒంగోలైనా ఇంతేనని నమ్ముతాను.

ఇక సౌకర్యాలు. కూరగాయలు, చేపలు, స్కూళ్లు, బట్టలు, ఇంటర్నెట్, దేనికీ లోటు లేదు. 2023 జనవరిలో వందే భారత్ మొదలయ్యాక సికింద్రాబాద్ ప్రయాణం తేలికైంది. గోదావరి, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లు ఎలాగూ ఉన్నాయి, రాత్రి ఎక్కి పొద్దున దిగిపోవచ్చు. మీ ఆఫీసు నెలకోసారి రమ్మన్నా ఇబ్బంది ఉండదు.

వైద్యం దగ్గర మాత్రం జాగ్రత్త. మామూలు జబ్బులకి మంచి డాక్టర్లు ఉన్నారు. మా అత్తగారికి నరాల సమస్య వచ్చినప్పుడు ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడు వారాలు బలం మాత్రలిచ్చి తిప్పారు. మా దగ్గర ఇది చూసేవాళ్లు లేరు అని మొదటి రోజే చెప్తే సరిపోయేది. చివరికి 190 కిలోమీటర్లు విశాఖపట్నం వెళ్లాం. మీతో పెద్దవాళ్లు ఉంటే, ఏ జబ్బుకి ఏ ఊరు వెళ్లాలో రాకముందే కనుక్కుని పెట్టుకోండి.

ఎండలు హైదరాబాద్ ఎండల్లా ఉండవు. మే నెలలో ఉక్కపోతకి ఫ్యాను గాలి కూడా తడిగా తగులుతుంది. ఏసీ ఖర్చు లెక్కలో వేసుకోండి.

మరో బాధ ఉంది. సాయంత్రం రేవులో గోదావరికి హారతి ఇస్తారు, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. ఊరి మురుగు కూడా ఆ గోదావరిలోకే పోతుంది. 2027లో మళ్లీ పుష్కరాలు. మెట్లకి రంగులు, వీధులకి లైట్లు వేస్తారు, సంతోషమే. ముందు ఆ మురుగుకి దారి మళ్లించండని ఎవరు కనిపించినా చెప్తూనే ఉన్నాను. మీరు వస్తే చెప్పేవాళ్లు ఇంకొకరు పెరుగుతారు.

మీ భార్యకి ఉద్యోగం గురించి మీరు అడగలేదు, కానీ అడగాల్సింది. నాకు ఇక్కడ ఆన్‌లైన్‌లో ఒక్క ఉద్యోగమూ దొరకలేదు. వరద తర్వాత పులిహోర పొట్లాలు కడుతూ పరిచయమైన ఒకావిడ వాళ్ల అన్నయ్యకి కడియంలో నర్సరీ ఉందని, లెక్కలు చూసేవాళ్లు కావాలని చెప్పింది. ఇప్పుడు ఆరు నర్సరీలకి చూస్తున్నాను. మొక్కలకి జీఎస్టీ లేదు, ప్లాస్టిక్ కుండీలకీ రసాయన ఎరువులకీ ఉంది, రెండూ ఒకే లారీలో వెళ్తాయి. ఆ బిల్లులు విడదీయడమే నా పని, చాలా ఇష్టంగా చేస్తున్నాను. ఇక్కడ పని నోటిమాట మీద దొరుకుతుంది. నోళ్లు పరిచయం కావడానికి ఏడాది పడుతుంది, ఆ ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో పెట్టుకోండి.

వస్తే వెంటనే ఫ్లాట్ కొనకండి. హైవే వైపు కొత్త వెంచర్లు చూపిస్తారు, అందంగానే ఉంటాయి, కానీ అక్కడ ఉంటే మీకు మళ్లీ అపార్ట్‌మెంట్ బతుకే. ఇన్నీసుపేట, ఆర్యాపురం, దానవాయిపేట లాంటి పాత పేటల్లో అద్దెకు దిగండి, కింద ఓనర్లు ఉండే ఇల్లైతే మరీ మంచిది. పాప బడి కోసం జూన్‌కి వస్తారు కాబట్టి జూలైలో ఓ సాయంత్రం గట్టు మీదకి తీసుకెళ్లండి. ఎర్రనీళ్లు వస్తుంటాయి. పక్కన నిలబడినవాళ్లని ధవళేశ్వరం దగ్గర ఎంత ఉందో అడగండి.