పాఠకుల ప్రశ్నలు: యుద్ధకాలపు ఫొటోల్లో రంగులు

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధం నాటి కందకాలు, సైనికుల దాడులు రంగుల ఫొటోల రూపంలో ఫోన్లలో తరచూ కనిపిస్తున్నాయి. ఆ కాలంలో నిజంగా రంగుల్లో ఫొటోలు తీయగలిగేవారా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తీయగలిగేవారు. కాని మీరు చెబుతున్న దాడుల దృశ్యాలు మాత్రం అలా తీసినవి అయ్యే అవకాశం లేదు. ఫ్రాన్స్‌లో లూమియర్ సోదరులు 1907లోనే ఆటోక్రోమ్ అనే గాజు ప్లేట్లను అమ్మకానికి తెచ్చారు. బంగాళాదుంప పిండిలోని సూక్ష్మమైన రేణువులకు నారింజ-ఎరుపు, ఆకుపచ్చ, నీలి-ఊదా రంగులు వేరువేరుగా పట్టించి, మూడింటినీ కలిపి గాజు మీద ఒకే పొరగా పరిచి, మధ్యలోని ఖాళీలను మెత్తని మసిపొడితో పూడ్చి, ఆ పైన నలుపు-తెలుపు ఫొటోలకు వాడే తరహా రసాయన పూత పూసేవారు. చదరపు అంగుళంలో ఇలాంటి రేణువులు సుమారు 40 లక్షలు ఉండేవి. కాంతి ఈ రేణువుల గుండా వడకట్టుకుని పూతను చేరేది కనుక, అందులో చాలా భాగం దారిలోనే ఆగిపోయేది. మంచి ఎండలో కూడా మనిషి ఒక సెకను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సేపు కదలకుండా నిలబడవలసి వచ్చేది.

ఈ ఒక్క కారణం వల్లనే ఆనాటి అసలైన రంగుల ఫొటోల్లో యుద్ధం జరుగుతున్నట్టు ఉండదు, జరిగి ఆగినట్టు ఉంటుంది. ఫ్రెంచి సైన్యపు ఫొటోగ్రఫీ విభాగంలో పనిచేసిన పాల్ కాస్టెల్నో, ఫెర్నాన్ క్యువిల్ 1917లో తీసిన ప్లేట్లలో రైమ్స్ నగరపు శిథిల భవనాలు, విశ్రాంతి తీసుకుంటున్న సైనికులు, అల్సాస్ ప్రాంతంలో నిలిచిన సెనెగల్ దళాలవారు కనిపిస్తారు. పరిగెత్తేవారు ఎవరూ ఉండరు. ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ పాలస్తీనాలో ఆశ్విక దళాన్ని పేజెట్ అనే మరో రకం ప్లేట్లతో రంగుల్లో తీశారు. కాబట్టి పేలుతున్న గుండు, దూకుతున్న సైనికుడు స్పష్టంగా కనిపించే 1916 నాటి 'రంగుల ఫొటో' మీ ఫోనుకు వస్తే, అది నలుపు-తెలుపు చిత్రానికి తరువాత రంగులు వేసినదని భావించవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధం నాటికి ఈ కొలత పనిచేయదు. 1936 నుంచి మామూలు కెమెరాలకు కూడా కోడాక్రోమ్ అనే రంగుల ఫిల్ము దొరికింది కనుక, ఆ యుద్ధానికి సంబంధించి అసలైన రంగుల ఫొటోలు చాలానే ఉన్నాయి.

ప్రశ్న: మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు సాపర్స్ (సైనిక ఇంజినీర్ల) దళంతో మెసపొటేమియా (నేటి ఇరాక్) వెళ్లి వచ్చారు. తిరిగి వచ్చాక స్టూడియోలో తీయించుకున్న ఫొటోలో బుగ్గలకు గులాబీ రంగు, గుండీలకు బంగారు రంగు, దుస్తులకు ఆకుపచ్చ, పతకం రిబ్బనుకు తెల్లని అంచులు ఉన్నాయి. ఈ రంగులను నమ్మవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముఖాన్ని నమ్మండి, రంగులను నమ్మకండి. అవి స్టూడియోలోని చిత్రకారుడు కుంచెతో వేసినవి. చాలాసార్లు అతడు ఆ మనిషిని చూసి ఉండడు, ఎదుట ఉన్నది బూడిద రంగు ఫొటో మాత్రమే. (గుండీలకు బంగారం అద్దడంలో మన స్టూడియోలవారు ఏనాడూ పిసినారితనం చూపలేదు.) అసలు చిక్కు ఇంకా లోతుగా ఉంది. అప్పట్లో విరివిగా వాడిన ఆర్థోక్రోమాటిక్ అనే నలుపు-తెలుపు ప్లేట్లకు ఎరుపు కనిపించదు, నారింజ సరిగా అందదు, నీలం మాత్రం అతిగా తగులుతుంది. అందుకే ఎర్రని గుడ్డ దాదాపు నల్లగా, నీలి గుడ్డ పాలిపోయి తెల్లగా వస్తాయి. 1914లో ఎర్రని పంట్లాములతో యుద్ధానికి దిగి, 1915లో లేత నీలి దుస్తులకు మారిన ఫ్రెంచి సైనికులను అలాంటి ప్లేట్లపై చూస్తే, మొదటివారు నల్లని పంట్లాములు, రెండవవారు తెల్లని దుస్తులు ధరించారని పొరబడే ప్రమాదం ఉంది.

మీ ఫొటోలోని రిబ్బనుకు కూడా ఇదే జరిగిందని నా అనుమానం. ఆ యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ రిబ్బనులో నడుమ వెడల్పైన నారింజ పట్టీ, దానికి ఇరువైపులా సన్నని తెలుపు, నలుపు గీతలు, చివరి అంచుల్లో నీలం ఉంటాయి. నీలం తేలిపోయి తెల్లగా పడితే, చిత్రకారుడు దానిని తెలుపే అనుకుని అలాగే ఉంచి ఉంటాడు. దుస్తుల విషయానికి వస్తే, మెసపొటేమియా వేడిలో మన సైనికులు వాడినది ఇసుక ఛాయ గల నూలు ఖాకీ, ఆకుపచ్చ కాదు. పతకం ఇంట్లో ఉంటే దాని అంచును భూతద్దంతో చూడండి. మీ ముత్తాతగారి నంబరు, పేరు, దళం అక్కడ చెక్కి ఉండాలి. రిబ్బను ముక్క కూడా మిగిలి ఉంటే, దాని మడతల లోపల ఎండ తగలని చోట అసలు రంగు కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఊరి మాజీ సైనికుల పాత ఫొటోలకు కంప్యూటరుతో రంగులు వేయించి సంచికలో ప్రచురించవచ్చా?
— ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: ప్రచురించవచ్చు, కాని ఆ సంగతి ఫొటో కిందనే రాయాలి, చివరి పేజీలో కాదు. ఈ ప్రోగ్రాములు బూడిద రంగు వెనుక ఉన్న అసలు రంగును తెలుసుకోలేవు. తాము నేర్చుకున్న వేలాది చిత్రాలలో అలాంటి చోట సాధారణంగా ఏ రంగు ఉందో దానిని పూస్తాయి. అందువల్ల తలపాగా అంచు, దళపు చిహ్నం వంటి ప్రత్యేకమైనవే ముందుగా తప్పుతాయి. రంగుతో ఆగకపోతే ఏమవుతుందో 2021లో తెలిసింది. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలకులు త్వోల్ స్లెంగ్ చెరసాలలో బంధించినవారి ఫొటోలకు ఒక కళాకారుడు రంగులు వేస్తూ, కొందరి ముఖాలపై చిరునవ్వు కూడా పెట్టాడు. ఆ దేశపు సాంస్కృతిక శాఖ తీవ్రంగా అభ్యంతరం చెప్పింది, ప్రచురించిన సంస్థ వాటిని తొలగించింది. మీ సంచికలో రంగుల ప్రతి పక్కనే అసలు ఫొటోను కూడా అదే సైజులో వేయండి. చోటు చాలకపోతే అసలు దానినే ఉంచి, రంగుల ప్రతిని ఆ కుటుంబానికి ఇవ్వండి.