స్కూలు సెల్లార్ తవ్వకంతో ఇంటి గోడలు పగిలాయి: గడువు దాటకముందే ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంటిని ఆనుకుని ఒక ప్రైవేటు స్కూలు ఉంది. పాత భవనం పడగొట్టి, సెల్లార్ తవ్వి కొత్తది కట్టారు. ఏడాదిన్నర పాటు దుమ్ము, రాత్రిళ్లు కూడా మిషన్ల మోత. అమ్మకు ఆయాసం ఎక్కువైంది. మాకు నీడనిచ్చే వేపచెట్టును కొట్టేశారు. అది స్కూలు ఆవరణలోదే. సెల్లార్ గొయ్యి తవ్విన వారంలోనే మా గోడలు బీటలు వారాయి. ఇప్పటికి రెండేళ్ల ఏడు నెలలైంది. అడిగినప్పుడల్లా కరస్పాండెంట్ గారు ‘సెలవుల్లో రిపేరు చేయిస్తాం’ అనేవారు. ఇప్పుడేమో ‘తప్పు కాంట్రాక్టర్‌ది, ఆయన్నే అడగండి’ అంటున్నారు. ఇల్లు 24 ఏళ్ల క్రితం నాన్నగారు కట్టారు, ఆయన ఇప్పుడు లేరు. ఆరేళ్ల క్రితం నేను పైన ఒక అంతస్తు వేశాను, దానికి అనుమతి తీసుకోలేదు. ముందు గది పగుళ్లకు పుట్టీ పెట్టించి రంగు వేయించాం, మిగతావి అలాగే ఉన్నాయి. తెలిసిన ఇంజనీరు ఒకరు అప్పటి తేదీ వేసి రిపోర్టు ఇస్తానంటున్నారు. గ్రీన్ ట్రైబ్యునల్‌కు వెళ్లి ఆ భవనాన్ని మూయించవచ్చా? రెండో బ్లాకు కోసం ఈమధ్యే ముగ్గు పోశారు. పగిలిన గోడ అవతలే పిల్లలు వ్యాన్ల కోసం నిలబడతారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం దుమ్ము గురించి, చెట్టు గురించి, కరస్పాండెంట్ మాట తప్పడం గురించి ఉంది. కేసును తేల్చేది మాత్రం మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి. గోడలు బీటలు వారి రెండేళ్ల ఏడు నెలలైంది. ఇలాంటి నష్టానికి సివిల్ కోర్టులో పరిహారం అడగడానికి లిమిటేషన్ చట్టం, 1963లోని ఆర్టికల్ 113 కింద ఉన్న గడువు మూడేళ్లు. అంటే మీకు మిగిలింది ఐదు నెలలే. ఆ తర్వాత మీ దగ్గర ఎంత గట్టి సాక్ష్యం ఉన్నా, అవతలివారు గడువు మాట ఎత్తకపోయినా, కోర్టే ఆ దావాను కొట్టేయాలి. సెక్షన్ 3 చెప్పేది అదే.

‘సెలవుల్లో చేయిస్తాం’ అన్న నోటి మాటతో గడువు ఒక్క రోజు కూడా పెరగదు. లాయర్ నోటీసు పంపినా గడువు ఆగదు. ఈ రెండో విషయం చాలామందికి తెలియదు. నోటీసు ఇచ్చాం కదా అని నిశ్చింతగా కూర్చుని హక్కు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఇన్నేళ్లలో మీరు స్కూలుకు ఒక్క కాగితం కూడా రాసిచ్చినట్టు ఉత్తరంలో లేదు. కనీసం ఒక రిజిస్టర్డ్ పోస్టు ఉత్తరం పంపి ఉంటే పగుళ్లు ఎప్పుడు వచ్చాయన్నదానికి ఈరోజు గట్టి రుజువు ఉండేది. ఇది మీ అజాగ్రత్తే. పైగా ముందు గది పగుళ్లు పూడ్చేసి ఉన్న రుజువును మీ చేతులతోనే చెరిపేశారు. మిగతా గదుల్లో ఇకనుంచి సుత్తి, పుట్టీ, రంగు ఏదీ పడకూడదు. ఇల్లు కూలే ప్రమాదం ఉందని ఇంజనీరు చెబితే తప్ప ఏ గోడనూ ముట్టుకోవద్దు.

‘పగుళ్లు రోజురోజుకీ పెరుగుతున్నాయి కాబట్టి గడువు కూడా రోజూ కొత్తగా మొదలవుతుంది’ అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. కొనసాగే అపకారానికి సెక్షన్ 22 అలాంటి వెసులుబాటు ఇస్తున్న మాట నిజమే. అయితే బాలకృష్ణ సవలారాం పూజారి కేసులో 1959లోనే సుప్రీంకోర్టు ఒక తేడాను స్పష్టం చేసింది. అపకారం కొనసాగడం వేరు, ముగిసిపోయిన అపకారం తాలూకు ఫలితం కొనసాగడం వేరు. గొయ్యి తవ్వడం ముగిసింది, మీ గోడ పగులు దాని ఫలితం. కాబట్టి సెక్షన్ 22ను నమ్ముకుని ఆలస్యం చేయవద్దు.

గ్రీన్ ట్రైబ్యునల్ సంగతికి వస్తాను. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం, 2010లోని సెక్షన్ 14 కింద పర్యావరణ వివాదాన్ని, అది మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలల్లో తీసుకెళ్లాలి. తగిన కారణం చూపితే మరో అరవై రోజులు ఇస్తారు, అంతకుమించి ట్రైబ్యునల్‌కు కూడా అధికారం లేదు. మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో ముగిసింది. సెక్షన్ 15 కింద పరిహారానికి ఐదేళ్లు ఉంది కాబట్టి అక్కడికే వెళ్దామని అనిపిస్తుంది. ఆగండి. ఆ పరిహారం రావాలంటే మీ నష్టానికి ఆ చట్టం షెడ్యూల్‌లో ఉన్న వాయు, జల, పర్యావరణ పరిరక్షణ వంటి చట్టాలతో సంబంధం ఉండాలి. మట్టి తవ్వినందువల్ల పక్కింటి గోడ పగలడం ఆ కోవలోకి రావడం కష్టం. ‘సివిల్ కోర్టుకు వెళ్లండి’ అని ట్రైబ్యునల్ మిమ్మల్ని తిప్పిపంపేసరికి ఇక్కడ మూడేళ్లూ దాటిపోతాయి. తప్పు చోట పోరాడిన కాలాన్ని గడువులోంచి మినహాయించే సెక్షన్ 14 ఒకటి లిమిటేషన్ చట్టంలోనూ ఉంది. కానీ అది మంచి నమ్మకంతో, శ్రద్ధగా నడిపినవారికే. ఈ జవాబు చదివాక మీరు ఆ మాట చెప్పలేరు.

దుమ్ము వల్లే అమ్మగారి ఆయాసం పెరిగిందని రుజువు చేయాలంటే అప్పటి వైద్య రికార్డులు, అప్పట్లో కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన ఫిర్యాదు, గాలి కొలతలు కావాలి. మీ దగ్గర ఇవేవీ ఉన్నట్టు లేవు. చెట్టు వారి స్థలంలోది. అనుమతి లేకుండా కొట్టి ఉంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అధికారులు చర్య తీసుకోవచ్చు గానీ దానివల్ల మీకు పరిహారం రాదు. నడుస్తున్న బడిని మూయించాలన్న కోరికను కూడా పక్కన పెట్టండి. ఏ కోర్టూ ఒక గోడ కోసం అంతమంది పిల్లల చదువు ఆపదు, ఆపకూడదు కూడా. మీరు అడగాల్సింది మీ ఇంటికి జరిగిన నష్టం.

ఆ నష్టం అడిగే హక్కు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. పక్క స్థలంలోని మట్టి మన నేలకు సహజంగా ఇచ్చే ఊతం మన హక్కు అని ఈజ్‌మెంట్స్ చట్టం, 1882లోని సెక్షన్ 7 చెబుతుంది. అయితే అది ఖాళీ నేలకే. ఆ నేల మీద ఇల్లు కట్టి బరువు పెడితే, ఆ ఇంటికి పక్క నేల నుంచి ఊతం పొందే హక్కు సెక్షన్ 15 ప్రకారం ఇరవై ఏళ్లు ఆటంకం లేకుండా అనుభవించాకే స్థిరపడుతుంది. ఆ ఇరవై ఏళ్లు దావా వేసే నాటికి వెనక రెండేళ్లలోపు ముగిసినవై ఉండాలి. మీ లాయరు ఈ లెక్కను దావా వేసే తేదీతో సరిచూడాలి, ఎందుకంటే తవ్వకం నాటికి మీ ఇంటి వయసు దాదాపు ఇరవై ఒకటిన్నర ఏళ్లే. తవ్వకమే ఆ అనుభవానికి ఆటంకమని, అది జరిగి రెండేళ్లు దాటిందని అవతలివారు వాదించవచ్చు. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి. ఇంటి ప్లాను అనుమతి, మొదటి ఇంటి పన్ను రసీదు, మొదటి కరెంటు బిల్లు వెతికి తీయండి. ఇల్లు ఎప్పటిదో చెప్పేవి అవే.

ఇక మీరు వేసిన పై అంతస్తు. మీ కేసులో అసలు బలహీనత అదే. ఇరవై ఏళ్ల హక్కు పాత ఇంటికే గానీ ఆరేళ్ల క్రితం పెరిగిన బరువుకు కాదు. ‘పై అంతస్తు భారం వల్లే పునాది కుంగింది, మా తవ్వకం వల్ల కాదు’ అని స్కూలు లాయరు మొదటి రోజే అంటారు. అనుమతి లేని సంగతిని దాచవద్దు. స్కూలు వాళ్లు మున్సిపాలిటీ నుంచి ఆ రికార్డు తెప్పిస్తారు. అప్పుడు మీరు చెప్పిన ప్రతి మాటా అనుమానంగానే కనిపిస్తుంది. దావాలో మీరే ముందుగా చెప్పండి. పై అంతస్తు వేసినా మూడేళ్లకు పైగా ఎక్కడా చిన్న చీలిక రాలేదని, గొయ్యి తవ్విన వారంలోనే గొయ్యి వైపు గోడకే పగుళ్లు వచ్చాయని చూపగలిగితే ఆ వాదన చాలావరకు వీగిపోతుంది.

అందుకే పక్క నేల ఊతం పొందే ఈ ఈజ్‌మెంట్ హక్కు ఒక్కదాని మీదే దావా నిలబెట్టకూడదు. నిర్లక్ష్యం అన్నది రెండో ఆధారంగా వేయాలి. లోతుగా తవ్వేటప్పుడు గొయ్యి గోడలకు దన్ను పెట్టాలి, పక్క కట్టడాల పునాదులు దెబ్బతినకుండా చూడాలి. తవ్వకపు పనుల భద్రతకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ఉంది. దన్ను పెట్టకుండా హద్దు దాకా నిలువునా తవ్వి ఉంటే అదే నిర్లక్ష్యం, దానికి ఇరవై ఏళ్ల లెక్కతో పనిలేదు.

‘కాంట్రాక్టర్‌ను అడగండి’ అన్న మాటకు చట్టంలో పెద్ద విలువ లేదు. పక్క ఇంటికి ఊతం తీసేసే ప్రమాదం ఉన్న పనిని కాంట్రాక్టర్‌కు అప్పగించినంత మాత్రాన యజమాని బాధ్యత తప్పదని ఇంగ్లండ్ హౌస్ ఆఫ్ లార్డ్స్ 1881లో డాల్టన్ వర్సెస్ యాంగస్ కేసులో తేల్చింది. అదీ పక్క స్థలం తవ్వితే కట్టడం కూలిన కేసే. స్కూలును నడిపే సొసైటీని లేదా ట్రస్టును, కాంట్రాక్టర్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. కరస్పాండెంట్ పేరు మీద మాత్రమే దావా వేసి, ఆస్తి ఉన్న సొసైటీని వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. మీ వైపు నుంచి కూడా మీరొక్కరే చాలరు. ఇల్లు నాన్నగారి పేరున ఉంటే, వీలునామా లేకపోతే, అమ్మగారు, తోబుట్టువులు అందరూ వాదులు కావాలి.

ఇంజనీరు ఇస్తానన్న పాత తేదీ రిపోర్టును తాకవద్దు. అది సాక్ష్యం సృష్టించడం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద కోర్టు వ్యవహారంలో అలా చేసినవారికి ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు, మీకూ ఆయనకూ ఇద్దరికీ. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘ఆ రోజు మీరు ఈ ఇంటికి వచ్చినట్టు రుజువేది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు, మీ నిజమైన పగుళ్లు కూడా అబద్ధంగా మిగిలిపోతాయి. అదే ఇంజనీరును ఈ వారం పిలవండి. నేటి తేదీతో, నేడు చూసినదే రాయమనండి. పగుళ్లు ఏ గోడకు ఉన్నాయి, ఏటవాలుగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా, ఎటువైపు వెడల్పు ఎక్కువ, పునాది ఎటు కుంగింది అన్నవి ఆయన కొలవాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక అంటించి తేదీ రాస్తే, గోడ ఇంకా కదులుతోందో లేదో గాజు విరగడాన్ని బట్టి తెలుస్తుంది. రిపేరు అంచనా కూడా విడిగా రాయించండి, మీరు అడగబోయే మొత్తానికి ఆధారం అదే.

తవ్విన తేదీని రుజువు చేయడానికి స్కూలే మీకు సాయం చేసి ఉండవచ్చు. శంకుస్థాపన ఫొటోలు, పనుల వీడియోలు వారి సోషల్ మీడియా పేజీల్లో ఉంటాయి. వాటిని తీసేయకముందే దించుకోండి. పాత ఉపగ్రహ చిత్రాల్లో ఏ నెలలో గొయ్యి ఉందో కనిపించవచ్చు. మీ ఫోన్‌లో ఆనాటి ఫొటోలుంటే ఆ ఫోను మార్చవద్దు, అమ్మవద్దు. ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి, లేకపోతే కోర్టు వాటిని చూడదు. మున్సిపాలిటీలో సమాచార హక్కు చట్టం కింద స్కూలు అనుమతి ప్లాను అడగండి. సెల్లార్ లోతు ఎంత, హద్దు నుంచి ఎంత వదలాలి అన్నవి అందులోనే ఉంటాయి. జవాబుకు గడువు 30 రోజులు, కాబట్టి దరఖాస్తు ఈరోజే పంపండి.

దావా వేసిన రోజే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9, 10ఎ కింద, చోటు చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు నియమించే కమిషనర్ కోసం పిటిషన్ వేయించండి. అడ్వొకేట్ కమిషనర్, ఆయన వెంట ఇంజనీరు వచ్చి చూసి రాసే నివేదిక మీ సొంత ఇంజనీరు రిపోర్టు కంటే చాలా బరువైనది. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళగా అమ్మగారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అక్కడి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే మంచిదే, కానీ రాజీ మాటలు నడుస్తున్నాయని దావా ఆపవద్దు. దావా వేశాక కూడా రాజీ పడవచ్చు.

రెండో బ్లాకు విషయంలో మీరు ఇంకా ఆలస్యం చేయలేదు, అక్కడ అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. గునపం దిగకముందే ఇంటి ప్రతి గోడనూ ఫొటో, వీడియో తీయించి, ఇంజనీరు చేత ప్రస్తుత స్థితి రాయించి, ఆ ప్రతిని స్కూలుకూ మున్సిపాలిటీకీ రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. దన్ను లేకుండా తవ్వబోతుంటే ఇంజంక్షన్, అంటే పని ఆపమనే కోర్టు ఉత్తర్వు, అడగవచ్చు. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మోత చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదని శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 చెబుతున్నాయి. పగలగొట్టబోయే పాత షెడ్లకు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులుంటే వాటిని పొడిగా పగలగొట్టనివ్వవద్దు. ఆ నారపొడి ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయి, అమ్మగారికీ బడి పిల్లలకూ ముప్పే. ఈసారి ఏది జరిగినా అదే వారం కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ట్రైబ్యునల్ ఆరు నెలల గడువు అది జరిగిన రోజు నుంచే మొదలవుతుంది. ‘పర్యావరణ అనుమతి లేదు కదా’ అన్న వాదన మాత్రం కట్టడం మొత్తం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితేనే. విద్యాసంస్థలకు ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో కొట్టేసింది గానీ మామూలు స్కూలు బ్లాకు అంత ఉండదు.

చివరగా, పిల్లలు ఆ గోడ అవతల నిలబడతారని రాశారు. గోడ కదులుతోందో లేదో తెలియకుండా అక్కడ ఒక్క పిల్లవాడూ నిలబడకూడదు. ఇంజనీరు రిపోర్టు కోసం కూడా ఆగకండి. ‘మా గోడ పగిలి ఉంది, ఈ వైపు పిల్లలను నిలబెట్టవద్దు’ అని రాసి ఈరోజే స్కూలులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒక ప్రతి మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. ఆ గోడ మీది. రేపు అది పడితే జవాబు చెప్పాల్సిన వారిలో మీరూ ఉంటారు.